నక్షత్ర నౌకల అభిమానులు: టెలివిజను వైజ్ఞానిక కల్పనా సంఘములపై ఒక విమర్శ

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో చదువుకొను ఉన్నత పాఠశాల విద్యార్థికి అభిమాన సంఘమనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ముషీరాబాదు మీదుగా కొలది దూరము పోయినచో ఆర్.టి.సి. చౌరస్తా వచ్చును. అచ్చటి సినిమా హాళ్ళ ముందు పెద్ద నటుని చిత్రము విడుదలయిన ఉదయమున కనిపించు నిలువెత్తు బొమ్మలు, పూలదండలు, పాలాభిషేకములు, బాణసంచా తెలుగువారికి చిరపరిచితములే. ఈ అభిమానమంతయు వృథాయని కొట్టివేయుట న్యాయము కాదు. 1998లో హైదరాబాదున నెలకొల్పబడిన చిరంజీవి రక్తనిధికి రక్తమిచ్చినవారిలో పెక్కుమంది ఆ నటుని అభిమానులే. అభిమానము ఒక శక్తి. దానిని ఏ పనికి వినియోగింతురన్నదే ప్రశ్న.

అభిమాన సంఘములలో మరియొక జాతి కలదు. వీరు అభిమానించునది ఒక నటుని మాత్రమే కాదు, ఒక ఊహను. "మనుష్యుడు నక్షత్రముల నడుమ ప్రయాణము చేయగలిగినచో ఏమగును? కాలములో ముందునకు, వెనుకకు పోగలిగినచో ఏమగును?" అను ఊహలపై అల్లిన టెలివిజను కథలను చూచి, వానిని గూర్చి మాటలాడుకొనుటకై కూడిన సంఘములివి. ఇంగ్లండులోను, అమెరికాలోను ఇవి అరువది సంవత్సరములుగా పెరిగి, చీలి, మరల చిగిర్చి నేటికిని బ్రతికియున్నవి.

వీనిపట్ల ఉపాధ్యాయులలో రెండు అభిప్రాయములు వినవచ్చుచుండును. "ఇదంతయు బూటకపు విజ్ఞానము, పిల్లల బుద్ధిని చెరచును" అని కొందరందురు. "ఇట్టి కథలు చూచినచో పిల్లలకు విజ్ఞానముపై ఆసక్తి దానంతట అదియే కలుగును" అని మరికొందరందురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. ఆ సంఘములు నిజముగా ఏమి చేసినవో, ఎచ్చట తప్పినవో చూచినగాని వాని విలువ తేలదు.

ఇద్దరు ఉపాధ్యాయులతో మొదలైన కథ

1963 నవంబరు 23వ తేదీన బ్రిటిషు బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను "డాక్టర్ హూ" అను ధారావాహికను ప్రారంభించినది. కాలములోను, ఆకాశములోను ప్రయాణించు ఒక విచిత్ర యంత్రము ఇందులో ఉన్నది. ఆ యంత్రములో మొట్టమొదట అడుగిడిన సామాన్య మానవులు ఇద్దరు పాఠశాల ఉపాధ్యాయులు: ఒకరు విజ్ఞానశాస్త్రము చెప్పువారు, మరియొకరు చరిత్ర చెప్పువారు. ఇది యాదృచ్ఛికము కాదు. గత కాలమునకు పోయిన కథలలో చరిత్రయు, భవిష్యత్తునకు పోయిన కథలలో విజ్ఞానమును పిల్లలకు అందింపవలెనని నిర్మాతల మొదటి సంకల్పము. రాక్షసులును, లోహపు గుల్లలలోని శత్రువులును ప్రేక్షకులను ఆకర్షించిన కొలది ఆ సంకల్పము క్రమముగా వెనుకబడినది.

అయినను ఆ ధారావాహిక అభిమానులు విజ్ఞానమునకు కాకపోయినను, చరిత్రకు గొప్ప మేలు చేసిరి. ఆ రోజులలో వీడియో టేపు ఖరీదైనది. ఒకసారి ప్రసారమైన కార్యక్రమమును మరల చూపించు అవసరము రాదని తలచి, సంస్థవారు పాత టేపులను చెరిపివేసి కొత్త కార్యక్రమములకు వాడుకొనిరి. ఈ విధముగా 1960లనాటి డాక్టర్ హూ భాగములలో నూటికి దగ్గరగా దృశ్యరూపమున నశించినవి. కాని నశించిన భాగములన్నింటి శబ్దమును నేడు వినవచ్చును. ఏలనగా, ఆనాడు కొందరు బాలురు, యువకులు తమ ఇండ్లలోని టేపు రికార్డర్లతో ప్రసారమును రికార్డు చేసి దాచుకొనిరి. పెద్ద సంస్థ పారవేసిన దానిని చిన్నవారు తమ పెట్టెలలో భద్రపరచిరి.

బన్సీలాల్‌పేట వారికి ఈ ముచ్చట దూరపుదిగా తోచదు. ఆ పేటలోని పాత మెట్లబావి దశాబ్దములపాటు చెత్తతో నిండి కంటికి కనబడకుండ పోయినది. దానిని త్రవ్వి శుభ్రపరచి, మరమ్మతు చేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరచిరి. అక్కరలేదని పూడ్చిన వస్తువునకు విలువ కలదని గుర్తించువారు కొందరుండవలెను. టేపు విషయమునను, బావి విషయమునను జరిగినది అదే.

1976లో ఈ అభిమానులు డాక్టర్ హూ అప్రీసియేషన్ సొసైటీ అను సంఘమును స్థాపించుకొనిరి. దానికి ఒక పత్రిక, ఊరూర స్థానిక బృందములు ఏర్పడినవి. 1989లో ధారావాహిక నిలిచిపోయినను సంఘము నిలువలేదు. కార్యక్రమము లేని ఆ సంవత్సరములలో అభిమానులే నవలలు వ్రాసిరి, శ్రవ్య నాటకములు నిర్మించిరి. 2005లో దానిని తిరిగి తెరపైకి తెచ్చిన రచయిత రస్సెల్ టి. డేవీస్ చిన్ననాటినుండి దాని అభిమాని. 2013లో ప్రధాన పాత్రకు ఎన్నికైన పీటర్ కపాల్డీ కూడ బాల్యమున ఇట్టి అభిమానియే. చూచుటకు ఏమియు లేనప్పుడును పని మానని సంఘమే బ్రతికినదని ఇందువలన తెలియుచున్నది.

ఉత్తరముల విజయము, దాని వెల

అమెరికా కథ వేరు. 1966 సెప్టెంబరు 8వ తేదీన ఎన్.బి.సి. సంస్థ "స్టార్ ట్రెక్" ప్రసారము మొదలిడినది. మరుసటి సంవత్సరమే "స్పాకనేలియా" అను అభిమాన పత్రిక వెలువడినది. స్టెన్సిలు కోసి, చేతియంత్రముపై ప్రతులు తీసి, తపాలాలో పంచుకొను ఇట్టి పత్రికలు క్రమముగా పెక్కు పుట్టినవి. తెలుగు పాఠశాలలలో విద్యార్థులు నడుపు లిఖిత పత్రికకు ఇవి దగ్గరి చుట్టములు. వీనిని నడిపినవారిలో స్త్రీలు అధికముగా ఉండిరన్నది గమనింపదగిన విషయము.

రెండవ సంవత్సరమున ధారావాహికను నిలిపివేయుదురన్న వార్త పొక్కగా, బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు దేశమంతట అభిమానులచే ఉత్తరములు వ్రాయించిరి. 1968 జనవరిలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు కాగడాలతో ఎన్.బి.సి. కార్యాలయమునకు ఊరేగింపుగా పోయిరి. లక్షకు పైగా ఉత్తరములు వచ్చినట్లు సంస్థ చెప్పినది. ధారావాహిక కొనసాగునని మార్చిలో ప్రకటించినది.

ఇది ప్రజాభిప్రాయము సాధించిన విజయమని అభిమానులు నేటికిని చెప్పుకొందురు. కాని విమర్శకుడు తరువాత జరిగినది కూడ చూడవలెను. మూడవ సంవత్సరమున దానిని శుక్రవారము రాత్రి పది గంటలకు త్రోసివేసిరి, వ్యయము తగ్గించిరి, కథల పట్టు సడలినది. 1969లో 79 భాగములతో అది ముగిసినది. ఉత్తరములు కార్యక్రమమునకు ఆయువు పోసినవి గాని బలము పోయలేకపోయినవి. "ఉండవలెను" అని కోరుట సులభము. "ఇట్లుండవలెను" అని చెప్పుటకు విమర్శ కావలెను.

1976లో మరియొక ఉత్తరముల ఉద్యమము జరిగినది. అమెరికా నిర్మించిన మొదటి స్పేస్ షటిల్‌కు కథలోని నక్షత్ర నౌక పేరైన "ఎంటర్‌ప్రైజ్" అని పెట్టవలెనని అభిమానులు కోరిరి. కోరిక నెరవేరినది. అయితే ఆ నౌక 1977లో వాతావరణములో దిగుడు పరీక్షలకు ఉపయోగపడినది. అంతరిక్షమునకు ఎన్నడును పోలేదు. అభిమానులు పేరును గెలిచిరి; ఏ నౌక పైకి పోవునో, ఏది పోదో అన్నది వారి ఉత్తరములలో లేదు. పేరుతో తృప్తిపడు అభిమానమునకు ఇది మంచి పాఠము.

అభిమాని కాదగిన విమర్శకుడు

ఈ చరిత్రలో ఉపాధ్యాయులకు అన్నింటికంటె పనికివచ్చు ఘట్టము ఐజాక్ అసిమోవ్‌ది. ఆయన జీవరసాయన శాస్త్రవేత్త, ప్రసిద్ధ రచయిత. 1966 నవంబరులో "టి.వి. గైడ్" పత్రికలో ఆయన నాటి టెలివిజను వైజ్ఞానిక కథలలోని తప్పులను ఎత్తిచూపుచు ఒక వ్యాసము వ్రాసెను. స్టార్ ట్రెక్‌ను కూడ విడువలేదు. ఆ ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఆయనకు ఉత్తరము వ్రాసెను. వాదము స్నేహముగా మారినది. 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ చలనచిత్రమునకు అసిమోవ్ వైజ్ఞానిక సలహాదారుగా పనిచేసెను. తప్పు పట్టుట ద్వేషము కాదనియు, తప్పును చూపినవాడే మంచి మిత్రుడు కాగలడనియు ఈ ఒక్క ఉదంతము చాటుచున్నది.

ఇట్టి విమర్శ చేయుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఉన్నత పాఠశాల గణితము చాలును. కొన్ని ఉదాహరణములు చూడవచ్చును.

కథలోని నౌక నిశ్చల స్థితినుండి కాంతివేగములో నాలుగవ వంతు, అనగా సెకనుకు 75,000 కిలోమీటర్ల వేగమును పది సెకన్లలో అందుకొన్నదనుకొందము. త్వరణము ఎంత? భూమిపై గురుత్వ త్వరణమునకు సుమారు 7,65,000 రెట్లు. లోపలి నావికుడు కుర్చీకి అంటుకొని నలిగి పొడియైపోవును. మనుష్యుడు హాయిగా ఓర్చుకొను త్వరణముతో, అనగా భూమిపై ఉన్నంత బరువు తోచునట్లు పోయినచో ఆ వేగమును అందుకొనుటకు 88 దినములు పట్టును. న్యూటను రెండవ నియమమును చదివిన ప్రతి విద్యార్థియు ఈ లెక్క కట్టగలడు.

మరియొకటి. సూర్యునికి అతి సమీపమున ఉన్న నక్షత్రము 4.24 కాంతి సంవత్సరముల దూరమున, అనగా సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. అంత దూరము పోవుటకు దానికి 74,000 సంవత్సరములకు పైగా పట్టును. కథలోని నౌక వారము వారము ఒక కొత్త నక్షత్రమును చేరుటకు "వార్ప్" అను అద్భుతశక్తి ఎందుకు కావలసివచ్చినదో ఈ లెక్క కట్టిన విద్యార్థికి తెలియును.

తెలుగువారి కాలయంత్రమునకే వత్తము. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వచ్చిన "ఆదిత్య 369" చిత్రములో కాలయంత్రము శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పోవును. భూమి సూర్యుని చుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది. యంత్రము ఒక్క గంట వెనుకకు పోయి, సూర్యుని దృష్ట్యా ఉన్న చోటనే నిలిచినచో, అప్పటికి భూమి లక్ష కిలోమీటర్లకు మించిన దూరమున ఉండును. మరి "ఉన్న చోటనే" అనగా ఏ చోట? భూమి దృష్ట్యానా, సూర్యుని దృష్ట్యానా, పాలపుంత దృష్ట్యానా? ఈ ప్రశ్న వేసిన విద్యార్థి చిత్రమును పాడుచేసినవాడు కాడు. సాపేక్షత వాకిటికి వచ్చినవాడు.

ఇక శూన్యములో ప్రేలుడు ధ్వని వినబడుట, కుజగ్రహముతో ఆలస్యము లేకుండ సంభాషించుట వంటివి అందరెరిగినవే. భూమికి, కుజునకు నడుమనున్న దూరమును బట్టి రేడియో సంకేతము ఒకవైపు చేరుటకే 3 మొదలు 22 నిమిషములు పట్టును.

ఇట్టి ప్రశ్నలు వృథాగా పోలేదు. ఒకచోట మాయమై మరియొకచోట ప్రత్యక్షమగు "ట్రాన్స్‌పోర్టర్" యంత్రము నిజమునకు పొదుపుకొరకు పుట్టినది. ప్రతి వారము పెద్ద నౌక గ్రహముపై దిగుటను చిత్రించుటకు సొమ్ము చాలలేదు. అణువుల స్థానమును, గమనమును ఒక్కసారి కచ్చితముగా కొలుచుట అనిశ్చితత్వ సూత్రము వలన సాధ్యము కాదుగదా అను ఆక్షేపణకు సమాధానముగా, తరువాతి ధారావాహికలలో "హైసెన్‌బర్గ్ పరిహారకము" అను కల్పిత పరికరమును చేర్చిరి. అది ఎట్లు పనిచేయునో ఎవరును చెప్పలేరు. అయినను, ప్రేక్షకులకు భౌతికశాస్త్రము తెలియునని రచయితలు జంకిన గుర్తుగా దానికి విలువ కలదు.

లోపములు

ఇంతమాత్రమున ఈ సంఘములన్నియు విజ్ఞాన పీఠములని భ్రమపడరాదు. వాని జబ్బులు వానికి కలవు. మొదటిది కంఠపాఠము. ఏ భాగములో ఏ పాత్ర ఏ రంగు చొక్కా తొడిగెనో చెప్పగలిగినవాడు పండితుడుగా చెలామణి యగును. ఇది జ్ఞాపకశక్తియే గాని జ్ఞానము కాదు.

రెండవది అంగడితనము. బొమ్మలు, దుస్తులు, బిళ్ళలు కొనుటతో సభ్యత్వము కొలువబడును. సొంతముగా చేయబూనిన వారికి హద్దులు కలవు. అభిమానులు విరాళములు ప్రోగుచేసి నిర్మింపబూనిన ఒక స్టార్ ట్రెక్ చిత్రముపై హక్కుదారులైన సంస్థలు 2015 డిసెంబరులో దావా వేసినవి. 2017లో రాజీ కుదిరినది. ఈ నడుమ 2016లో ఆ సంస్థలు నియమములు ప్రకటించినవి: అభిమానులు తీయు చిత్రము 15 నిమిషములకు మించరాదు, రెండు భాగములైనచో మొత్తము 30 నిమిషములు, విరాళము 50,000 డాలర్లు దాటరాదు. పెంచినది అభిమానులే యైనను సొత్తు మాత్రము వారిది కాదు.

మూడవది అతిశయోక్తి. నల్లజాతి స్త్రీలలో మొదటిసారి 1992లో అంతరిక్షమునకు పోయిన మే జెమిసన్, స్టార్ ట్రెక్‌లోని ఉహురా పాత్ర తనకు ప్రేరణ యని చెప్పెను. ఆ పాత్ర ధరించిన నిషెల్ నికల్స్ 1977 మొదలు స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములుగా చేరుడని నాసా పక్షమున ప్రచారము చేసెను. ఇవి సత్యములే. కాని "ధారావాహిక చూచుటవలన వ్యోమగామి యయ్యెను" అనుట తర్కదోషము. జెమిసన్ రసాయన ఇంజనీరింగు చదివెను, వైద్యము చదివెను. చూచినవారు కోట్లమంది, పైకి పోయినవారు కొందరే. తెర తలుపు చూపును, నడువవలసినది కాళ్ళే.

పాఠశాలలో ఏమి చేయవచ్చును?

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో నెలకొన్నది. 1980లలో స్టార్ ట్రెక్ దూరదర్శనులో ప్రసారమైనది. 1998లో హిందీలో "కెప్టెన్ వ్యోమ్" వచ్చినది. నేడు ఇట్టి కథలు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నవి. కార్యక్రమములకు కొరత లేదు. చూచిన పిమ్మట కూర్చుండి వాదించుకొనుటకు ఒక గది, ఒక గంట, ఒక పెద్దదిక్కు కావలెను. బన్సీలాల్‌పేటవంటి పేటలోని పాఠశాలకు ఇవి అందని వస్తువులు కావు.

నెలకు ఒక దినము పది నిమిషముల దృశ్యమును చూపవచ్చును. పిమ్మట నలభై నిమిషములు చర్చ జరుగవలెను. నల్లబల్లపై మూడు ప్రశ్నలు వ్రాయవలెను: ఇందులో నేటి విజ్ఞానము ఒప్పుకొనునది ఏది? ఒప్పుకొననిది ఏది? ఒప్పుకొననిదైనను కథకు ఎందుకు కావలసివచ్చినది? ఈ మూడవ ప్రశ్నను విడువరాదు. అది లేనిచో విమర్శ తప్పుల పట్టికగా దిగజారును.

చర్చ తెలుగులో జరుగవలెను. కథ ఇంగ్లీషుదైనను, హిందీదైనను, "వార్ప్" అనగా నేమో తన ఇంటివారికి తెలుగున వివరింపగలిగిన నాడే విద్యార్థికి అది బోధపడినట్లు. లెక్కలను, బొమ్మలను, వాదములను ఒక లిఖిత పత్రికలో ఎక్కించి దాచవలెను. సంవత్సరమునకు ఒకమారు నౌబత్ పహాడ్‌పై 1985లో నెలకొల్పబడిన బిర్లా ప్లానెటేరియమునకు పోయి, తెరపై చూచిన ఆకాశమును నిజమైన ఆకాశపు పటముతో పోల్చవచ్చును.

ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. తరగతిలో ఒక విద్యార్థి లేచి నక్షత్ర నౌకను గూర్చి అడిగినప్పుడు, "అవన్నియు కట్టుకథలు, కూర్చో" అని ఉపాధ్యాయుడు గద్దించినచో ఆ విద్యార్థి కథను మానడు, అడుగుట మానును. నష్టమంతయు అందులోనే ఉన్నది. "పది సెకన్లలో అంత వేగము వచ్చినచో లోపలివాని గతి ఏమి? కట్టి చూడు" అని సుద్దముక్క చేతికిచ్చినచో, ఆ తరగతిలో సంఘము అప్పుడే మొదలైనట్లు.